ఇరవైల్లోనే జుట్టు పలచబడుతుంటే: కుర్రవాళ్లతో ఒక చర్మవైద్యుడి మాటలు

అందరికీ నమస్కారం. టోపీలు పెట్టుకుని వచ్చినవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. అలాగే ఉంచుకోండి, టోపీ వల్ల జుట్టు ఊడదు. రోజూ తలస్నానం చేసినా ఊడదు, ఎలాగూ రాలాల్సిన వెంట్రుక నీళ్లు పోసుకున్నప్పుడు చేతికి వస్తుంది, అంతే. ఇలాంటి అపోహల మీదే గంటసేపు మాట్లాడొచ్చు గానీ అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది.

నేను చర్మవైద్యుణ్ని. జుట్టు సమస్యతో నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లలో చాలామంది ఆలస్యంగా వస్తారు. ఇరవై ఏళ్లప్పుడే కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతున్నట్టు గమనిస్తారు, ఎవరికీ చెప్పరు, షాంపూ మారుస్తారు, ఒక నూనె కొంటారు, అది పనిచేయకపోతే ఇంకో నూనె, ఆ తర్వాత విటమిన్ బిళ్లలు, ఈలోగా నాలుగైదేళ్లు గడిచిపోతాయి. నడినెత్తి మీద చర్మం కనబడడం మొదలయ్యాక అప్పుడు డాక్టరు గుర్తొస్తాడు. ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది ఆ పోయిన నాలుగైదేళ్ల గురించే. మన దగ్గరున్న మందులు ఉన్న జుట్టుని నిలబెట్టడంలో బాగా పనిచేస్తాయి. పోయినదాన్ని తిరిగి మొలిపించడంలో అంత బాగా పనిచేయవు. కాబట్టి మందు ఎంత మంచిదన్న దానికన్నా ఎప్పుడు మొదలుపెట్టామన్నదే ఫలితాన్ని ఎక్కువ నిర్ణయిస్తుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో ముందు చెప్తాను. మన తల మీద దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక తన కుదురులోంచి రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతూ ఉంటుంది, తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది, మూడు నెలల పాటు అలా విశ్రాంతిలో ఉండి రాలిపోతుంది, అదే కుదురులోంచి కొత్తది మొలుస్తుంది. అందుకే రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెనలో, దిండు మీద ఉన్నవి లెక్కపెట్టుకుంటూ నిద్ర పాడుచేసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో ఎన్ని రాలుతున్నాయన్నది పెద్ద విషయం కాదు, రాలిన చోట తిరిగి ఎలాంటిది మొలుస్తోందో చూడాలి. ప్రతి చుట్టులోనూ వచ్చే వెంట్రుక ముందుదానికన్నా కాస్త సన్నగా, పొట్టిగా వస్తుంది, పెరిగే కాలం కూడా తగ్గిపోతుంది, చివరికి కంటికి సరిగా కనబడని నూగులాగా మిగులుతుంది. కుదురు చిన్నదైపోతోందన్నమాట. చిన్నదైన కుదురుని మందు తిరిగి కొంత పెద్దది చేయగలదు. ఏళ్ల తరబడి అలాగే వదిలేసిన కుదురుని చేయలేదు.

కుదురు ఎందుకు చిన్నదవుతుంది? శరీరంలోని టెస్టోస్టెరాన్‌ని 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోనుగా మారుస్తుంది. నుదుటి పైభాగంలో, నడినెత్తిలో ఉన్న కుదుళ్లు కొందరిలో పుట్టుకతోనే ఈ డీహెచ్‌టీకి తట్టుకోలేనివిగా ఉంటాయి. వెనకవైపు, చెవుల పక్కన ఉన్నవి తట్టుకుంటాయి, అందుకే ఎంత బట్టతల వచ్చినా అక్కడ జుట్టు మిగులుతుంది. ఇందులో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కుర్రవాళ్లలో హార్మోను ఎక్కువగా ఉండదు, దాదాపు అందరిలో మామూలుగానే ఉంటుంది. తేడా అంతా కుదురు దాన్ని ఎలా అందుకుంటుందన్న దాంట్లోనే ఉంది. మగతనం ఎక్కువైందనో తక్కువైందనో చెప్పే మాటలకి ఆధారం లేదు.

ఇది ఎలా తెలిసిందో వింటే మందు మీద నమ్మకం కుదురుతుంది కాబట్టి రెండు నిమిషాలు తీసుకుంటాను. వృషణాలు తీసేసిన మగవాళ్లకి బట్టతల రాదని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ కాలం నుంచీ అంటూనే ఉన్నారు. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ పరిశోధకుడు, యౌవనానికి ముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకి బట్టతల రాలేదనీ, వాళ్లలో కొందరికి టెస్టోస్టెరాన్ ఇస్తే, కుటుంబంలో ఆ లక్షణం ఉన్నవాళ్లకి మొదలైందనీ చూపించాడు. అంటే హార్మోనూ కావాలి, వారసత్వమూ కావాలి. తర్వాత 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల గురించి రాసింది. అక్కడ కొందరు మగపిల్లలు పుట్టుకతోనే ఈ ఎంజైము లోపంతో ఉన్నారు, టెస్టోస్టెరాన్ ఉంది గానీ డీహెచ్‌టీ చాలా తక్కువ. పెద్దయ్యాక వాళ్లకి ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) చిన్నగా ఉండిపోయింది, నుదుటి దగ్గర జుట్టు వెనక్కి జరగలేదు. ఆ ఎంజైముని మందుతో అడ్డుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది, దాన్నుంచి వచ్చిందే ఫినాస్టెరైడ్.

అమ్మ వాళ్ల నాన్నకి బట్టతల ఉంటే మనకీ వస్తుందా అని ప్రతిచోటా అడుగుతారు. అందులో కొంత నిజం ఉంది, ఎందుకంటే ఇందులో ముఖ్యమైన ఒక జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగపిల్లవాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ ఇంకా చాలా జన్యువులు రెండువైపుల నుంచీ వస్తాయి. తాత తలని చూసి ధైర్యపడక్కర్లేదు, భయపడక్కర్లేదు, మీ తల చూసుకోండి.

ఊడే ప్రతి జుట్టూ ఈ రకం కాదు. పెద్ద జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా, బరువు తగ్గాలని ఒక్కసారిగా తిండి మానేసినా, రెండు మూడు నెలల తర్వాత తలంతా ఒకేలా గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలుతుంది. చూడడానికి ఇదే భయంకరంగా ఉంటుంది, కానీ చాలావరకు ఆరు నెలల్లో దానంతటదే సర్దుకునేది ఇదే. నాణెమంత గుండ్రంగా, నున్నగా ఒక్కచోట ఊడితే అది వేరే జబ్బు, శరీరం తన కుదుళ్ల మీద తానే దాడి చేసుకోవడం వల్ల వస్తుంది, దాని వైద్యం పూర్తిగా వేరు. దురద, పొట్టు, చీము, మచ్చ పడినట్టు మెరిసే చర్మం కనబడితే ఆగకుండా చర్మవైద్యుడికి చూపించండి, మచ్చపడ్డ చోట కుదురు శాశ్వతంగా పోతుంది. జిమ్‌లో కండల కోసం స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పాలి, జుట్టు పోయే లక్షణం ఉన్నవాళ్లలో అవి దాన్ని బాగా తొందరపెడతాయి.

కణతలు వెనక్కి జరగడం, నడినెత్తి పలచబడడం, ఒకేచోట మందపు వెంట్రుకల మధ్య సన్నవి కలిసి ఉండడం, ఇవి కనబడితే వంశపారంపర్య బట్టతల అని రోగనిర్ధారణ అయిపోయినట్టే. చర్మాన్ని పెద్దగా చేసి చూపించే డెర్మోస్కోపు పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇలా మామూలుగా కనబడే కేసుకి బోలెడన్ని రక్తపరీక్షలు అక్కర్లేదు. అనుమానం ఉంటే థైరాయిడ్, ఐరన్ నిల్వ చూస్తాం. అసలు పరీక్ష చేయకుండా బయోటిన్ అనే విటమిన్ మింగేవాళ్లకి ఒక హెచ్చరిక: లోపం లేనివాళ్లకి దానివల్ల జుట్టు పెరగదు సరికదా, ఎక్కువ మోతాదులో అది థైరాయిడ్ పరీక్షనీ, గుండెపోటుని గుర్తించే ట్రోపోనిన్ పరీక్షనీ కూడా తప్పుగా చూపించగలదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని గురించి హెచ్చరించింది.

ఇక మందులు. పేర్లు చాలా వింటారు గానీ గట్టి ఆధారాలున్నవి, ముందు వరసలో వాడేవి రెండే.

మొదటిది మినాక్సిడిల్. ఇది పుట్టింది బీపీ మాత్రగా, 1979లో అమెరికాలో అనుమతి వచ్చింది. మింగినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూసి తలకి రాసే మందుగా చేశారు, 1988లో 2 శాతం ద్రావణానికి మగవాళ్ల బట్టతల కోసం అనుమతి వచ్చింది, తర్వాత 5 శాతం వచ్చింది, మగవాళ్లకి అదే మెరుగు. ద్రావణమైతే ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకి రెండుసార్లు, పొడి తల మీద, జుట్టుకి కాకుండా చర్మానికి తగిలేట్టు రాయాలి, నాలుగు గంటలు తడపకూడదు, చేతులు కడుక్కోవాలి. ఇంట్లో పిల్లులు ఉంటే దగ్గరికి రానివ్వకండి, వాటికి ఇది కొంచెం తగిలినా ప్రాణాంతకం కావచ్చు. దురద పుడితే చాలాసార్లు కారణం అందులో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్, అది లేని, నురగలా ఉండే ఫోమ్‌కి మారితే సరిపోతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మినాక్సిడిల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకల్ని తోసేసి కొత్తవి పెరుగుదల దశలోకి వస్తున్నాయని దాని అర్థం, అంటే మందు పని మొదలుపెట్టింది. ఈ మాట ముందే చెప్పే నాథుడు లేక కుర్రవాడు భయపడిపోయి సీసా పారేస్తాడు, నాకు ఈ మందు పడలేదు అని జీవితాంతం అదే నమ్ముతాడు, నిజానికి పడినవాడే. రెండు నెలలు ఓపిక పడితే ఆ రాలడం తగ్గుతుంది. నాలుగు నెలల లోపు తీర్పు చెప్పకండి, అసలు ఫలితం తెలియాలంటే ఏడాది కావాలి. కొందరికి నిజంగానే పనిచేయదు, ఈ మందుని పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైము వాళ్ల కుదుళ్లలో తక్కువగా ఉంటుంది. పనిచేస్తున్నవాళ్లు ఆపేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిన లాభం పోతుంది. జీవితాంతం రాయాలా అని అడుగుతారు. జుట్టు కావాలనుకున్నన్నాళ్లు రాయాలి. ఈ సంగతి మొదటిరోజే తెలిసి మొదలుపెట్టాలి.

రెండోది ఫినాస్టెరైడ్, రోజుకి 1 మిల్లీగ్రాము మాత్ర. 1992లో 5 మిల్లీగ్రాముల మోతాదులో ప్రోస్టేట్ వాపు కోసం వచ్చింది, 1997లో జుట్టు కోసం అనుమతి పొందింది. రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది. రెండేళ్ల పరీక్షల్లో నడినెత్తి మీద వెంట్రుకలు లెక్కపెట్టి చూస్తే, పోల్చడానికి ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి జుట్టు తగ్గింది, ఫినాస్టెరైడ్ వేసుకున్నవాళ్లలో 17 శాతానికే తగ్గింది. నేను మొదట చెప్పిన నిలబెట్టడం అంటే ఇదే. మూలకారణం మీద పనిచేసేది ఈ మాత్రే, మినాక్సిడిల్‌తో కలిపితే రెండిటిలో ఏదో ఒక్కటి వాడినదానికన్నా ఫలితం బాగుంటుంది.

దీని సైడ్ ఎఫెక్ట్స్ గురించి ఇంటర్నెట్‌లో చదివి వణికిపోయేవాళ్లు ఒకవైపు, అసలేమీ ఉండవని కొట్టిపారేసే డాక్టర్లు ఇంకోవైపు. రెండూ సరికాదు. కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, వీర్యం తగ్గడం లాంటివి మొదటి ఏడాదిలో మందు వేసుకున్నవాళ్లలో 3.8 శాతానికి వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 2.1 శాతానికి. చాలామందికి ఆపేస్తే పోతాయి. ఆపాక కూడా పోలేదని చెప్పినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకొకటి మనసుకి సంబంధించింది. ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్ర సైడ్ ఎఫెక్ట్ అని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది. ఇంతకుముందు డిప్రెషన్ ఉన్నా, ఇప్పుడు ఉన్నా డాక్టరుకి చెప్పకుండా ఈ మాత్ర మొదలుపెట్టవద్దు. మొదలుపెట్టాక మనసు కుంగిపోతున్నట్టు అనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుతో మాట్లాడండి, జుట్టు తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో ముందే చెప్పి ఉంచండి, మనలో మార్పు మనకన్నా పక్కవాళ్లకి ముందు తెలుస్తుంది. వేరేవాళ్ల మాత్రలు తీసుకోవడం, చీటీ లేకుండా కొనడం వద్దనేది ఇందుకే.

మరికొన్ని చిన్న సంగతులు. గర్భవతులు ఈ మాత్ర విరిగిన ముక్కలు ముట్టుకోకూడదు, మగబిడ్డ ఎదుగుదలకి ప్రమాదం. వాడుతున్నన్నాళ్లు, ఆపిన నెల వరకు రక్తదానం చేయకూడదన్నదీ అందుకే. పిల్లల కోసం ప్రయత్నిస్తూ వీర్యకణాలు తక్కువున్నవాళ్లు డాక్టరుకి చెప్పాలి, కొందరిలో ఈ మాత్ర ఆపితే కణాలు పెరుగుతాయి. వయసు మీరాక ప్రోస్టేట్ పరీక్ష పీఎస్ఏ చేయించుకున్నప్పుడు ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పాలి, ఆ అంకెని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది.

డ్యూటాస్టెరైడ్ దీనికన్నా బలమైనది, దక్షిణ కొరియాలో 2009 నుంచీ జపాన్‌లో 2015 నుంచీ జుట్టు కోసం అనుమతి ఉంది, కానీ శరీరంలోంచి పోవడానికి నెలలు పడుతుంది కాబట్టి మొదటి మందుగా నేను ఇవ్వను. తక్కువ మోతాదులో మింగే మినాక్సిడిల్ ఈమధ్య చాలామంది రాస్తున్నారు, పనిచేస్తుంది, కాకపోతే మొహం మీద, ఒంటి మీద వెంట్రుకలు పెరగడం, కాళ్ల వాపు, గుండెదడ రావచ్చు, కాబట్టి బీపీ, గుండె చూడకుండా వాడకూడదు. మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి తలకి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్లు కొందరికి కొంత మేలు చేస్తున్నాయి, అందరూ ఒకేలా చేయరు, ఫలితాలూ ఒకేలా లేవు. లేజర్ దువ్వెనలు, టోపీలు స్వల్పంగా సాయపడొచ్చు. వీటిలో ఏదీ పై రెండు మందుల స్థానంలోకి రాదు.

వెనకవైపు జుట్టు తీసి ఖాళీ చోట నాటే ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాత్రం తొందరగా ముగించలేను, ఎందుకంటే ఇరవై రెండేళ్ల కుర్రవాళ్లు అప్పుచేసి మరీ దీనికి వెళ్తున్నారు. వెనకవైపు జుట్టు ఎక్కడ నాటినా తన గుణాన్ని నిలుపుకుంటుందని అమెరికన్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో చూపించాడు, ఈ ఆపరేషన్ అంతా ఆ ఒక్క సత్యం మీద నిలబడి ఉంది. నాటిన జుట్టు ఉంటుంది, నిజమే. కానీ దాని వెనక ఉన్న మీ సొంత జుట్టు ఊడడం ఆగదు. ఇరవై రెండులో నుదుటి అంచుని కిందికి దించి నింపించుకున్నవాడు మందులు వాడకపోతే, ముప్పై ఐదు వచ్చేసరికి ముందు ఒక వరస, దాని వెనక ఖాళీ, అప్పుడు నింపడానికి వెనకవైపు సరుకు మిగలదు. వెనక ఉన్న కుదుళ్లు లెక్కగా ఉంటాయి, తీసినచోట మళ్లీ రావు. బట్టతల ఎంతవరకు వెళ్తుందో ఇరవైల మొదట్లో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ముందు కనీసం ఒక ఏడాది మందులతో నిలబెట్టి, అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. వెళ్లిన మొదటిరోజే తేదీ ఇచ్చేసే క్లినిక్ నుంచి బయటికి వచ్చేయండి. ఆపరేషన్ అసలు ఎవరు చేస్తారని సూటిగా అడగండి, డాక్టరు మొహం చూపించి పనంతా టెక్నీషియన్లతో చేయించే చోట్లు ఉన్నాయి. నాటిన వెంట్రుకలు కూడా మొదటి నెలలో రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకి మొలవడం మొదలై పూర్తి రూపు రావడానికి ఏడాది పడుతుంది.

అద్దం ముందు గంటలు గడపకండి. మూడు నెలలకోసారి, అదే చోట, అదే వెలుతురులో, జుట్టు పొడిగా ఉన్నప్పుడు పైనుంచీ ముందునుంచీ ఫోటోలు తీసి దాచుకోండి. రోజూ చూసుకునే కంటికి మార్పు తెలియదు, భయమే తెలుస్తుంది. జుట్టు వల్ల బయటికి వెళ్లడం, స్నేహితుల్ని కలవడం మానేస్తే అది కూడా వైద్యం చేయించుకోవాల్సిన బాధే, సిగ్గుపడకుండా చెప్పండి. అలాగే, మందులేవీ వద్దు, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంటాను అనేవాళ్లు ఉంటారు, అది కూడా పూర్తిగా సరైన నిర్ణయమే, దాన్ని మార్చడానికి నేను ప్రయత్నించను. సందేహంలో ఏళ్లు గడపడం ఒక్కటే నాకు నచ్చనిది.

చీటీల మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒకరు, నాకు పదిహేడేళ్లు, మాత్ర మొదలుపెట్టొచ్చా అని రాశారు. వద్దు బాబూ, ఫినాస్టెరైడ్ పద్దెనిమిది నిండినవాళ్లకే. కానీ ఇప్పుడే ఒక చర్మవైద్యుడికి చూపించుకో, ఆ వయసులో కణతలు కాస్త వెనక్కి జరగడం చాలామందిలో మామూలు ఎదుగుదలే, అది బట్టతల మొదలో కాదో చూసి చెప్తారు, ఫోటోలు ఈరోజు నుంచే తీసి పెట్టుకో.

రెండోది, నాకు ముప్పై నాలుగు, నడినెత్తి సగం పోయింది, ఆలస్యమైపోయినట్టేనా అని. పూర్తిగా నున్నగా అయిన చోట మందుతో పెద్దగా ఆశ పెట్టుకోకండి. దాని చుట్టూ సన్నబడుతున్న అంచు ఉంటుంది చూశారా, అక్కడ ఇంకా కుదుళ్లు బతికే ఉన్నాయి, మందు పనిచేసేది అక్కడే. అది ఏడాది నిలబడితే మిగిలిన ఖాళీకి ట్రాన్స్‌ప్లాంట్ చేయొచ్చా లేదా అని అప్పుడు వెనకవైపు జుట్టు కొలిచి చెప్పగలం. రేపే వెళ్లి చూపించుకోండి.